మాపటి కల్లు, నిన్నటి పులుసు

మధ్యాహ్నం మూడున్నర దాటింది. మైపాడు గేటు దగ్గర నెల్లూరు వెనకబడింది, బండి తూర్పు ముఖం పట్టింది. మాఘమాసం ఆఖరు రోజులివి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, ఈ సముద్రపు ఒడ్డున పొద్దు వాలగానే అది మళ్ళీ తిరిగొస్తుంది. అందుకే మిమ్మల్ని ఒక తువ్వాలు తెచ్చుకోమన్నాను.

రోడ్డుకు రెండు పక్కలా కయ్యలు పండి ఉన్నాయి. చాలాచోట్ల వానలు జూన్‌లో మొదలైతే, మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి, తుపానుల వెంట వస్తాయి. సంక్రాంతికి మా కయ్యలు చాలావరకు పచ్చగానే ఉంటాయి. ఇప్పుడు కోతలు. కోత మిషను ఒక మడిలో తిరుగుతోంది, దాని వెనకే కొంగలు నడుస్తున్నాయి. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. కాస్త పక్కకు తీసి పోనీండి, వాటి మీద చక్రం పడనీయకండి.

ఇందుకూరుపేట దాటాక నేల రంగు మారుతుంది. నల్లమట్టి పలచబడి ఇసక పైకొస్తుంది. కయ్యలు ఆగిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఏరియేటర్లు నీళ్ళను ఎగజల్లుతున్న చప్పుడు బండి చప్పుడును మించి వినిపిస్తోంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య ఆశతో తవ్విన గుంటలివి. జబ్బులొచ్చి చాలా ఏళ్ళు ఎండిపడి ఉన్నాయి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి మళ్ళీ నింపింది. గుంటల కట్టల మీద అక్కడొకటి ఇక్కడొకటి తాడిచెట్టు నిలబడి ఉంది. ఒకప్పుడు అవి వరసలు వరసలుగా ఉండేవి.

ఇంకొంచెం ముందుకు పోతే సరుగుడు తోపులు, వేరుశెనగ చేలు, ఆ పక్కన ఒక తాడితోపు. గాలిలో ఉప్పు తెలుస్తోంది. బండి ఇక్కడ ఆపేయండి, ఇసకలో చక్రాలు దిగబడతాయి. చెప్పులు చేత్తో పట్టుకోండి. పాక కనిపిస్తోంది కదా, అదే మనం వచ్చిన చోటు.

బోర్డు లేదు, మెనూ లేదు. తాటాకు కప్పిన పాక, ముందు రెండు బల్లలు, ఒక నులకమంచం, వెనక కట్టెలపొయ్యి. పాక మామది, పొయ్యి అత్తది. వాళ్ళు నాకు చుట్టాలు కారు. ఈ పక్కన వయసులో పెద్దవాళ్ళను పిలిచే పిలుపు అది.

"ఏం మామా, ఎక్కలేదా ఇంకా?"

"మీకోసమే ఉండా అబ్బయా. కొంచెం ఎండ దిగనీ అని చూస్తా ఉండా."

అత్త పొయ్యి దగ్గర్నుంచే గట్టిగా అంది: "ముందు చేపలు చూసుకోండి. తర్వాత అది కావాలి ఇది కావాలంటే యాడ తెచ్చేది?"

చూద్దాం రండి. జాలర్ల ఊరు పట్టపుపాళెం నుంచి పొద్దున బోట్లు దించినవి. ఒక పళ్ళెంలో నెత్తళ్ళు, వేలెడంత కూడా లేవు, ఒంటిమీద వెండిచార ఇంకా మెరుస్తోంది. తట్టలో పీతలు, తాళ్ళు విప్పితే పరుగు తీసేట్టున్నాయి. కాసిని తెల్ల రొయ్యలు, గుంటవి కావు, సముద్రానివి. వంజరం ముక్కలు నాలుగు. మూలన ఉట్టి మీద మూతపెట్టిన మట్టిచట్టి ఒకటుంది. దాన్ని ఇప్పుడే అడగకండి. అది నిన్న సాయంత్రం వండిన పులుసు, దాని వంతు చివర వస్తుంది.

ఈ పాకలో ఏం తినాలో మనం అనుకుని రావడం కుదరదు. గాలి ఎటు వీచింది, బోటు ఎంత దూరం పోయింది, వలలో ఏం పడింది అన్నదాన్ని బట్టి అత్త పొయ్యి నడుస్తుంది. నాకు ఈ చోటంటే ఇంత ఇష్టం ఉండటానికి మొదటి కారణం అదే.

మామ లేచాడు. పాక గుంజకు ఆనించిన చెక్క మీద రాతిపొడి చల్లి కత్తి నూరుతున్నాడు. నాలుగు వైపులా తిప్పి బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకున్నాడు. కత్తి ఎంత సన్నగా కోస్తే చెట్టు అంత మంచిగా ఊరుతుంది. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకున్నాడు, కాళ్ళకు బంధం తగిలించాడు, వెనక ఒరలో కత్తులు, ఖాళీ లొట్టి. దండం పెట్టి చెట్టును పట్టుకున్నాడు. మోకు పైకి విసిరి, ఒళ్ళు వెనక్కి వాల్చి, కాళ్ళు పైకి లాక్కుని, మళ్ళీ మోకు విసిరి, మనం మాట పూర్తి చేసేలోగా మట్టల్లోకి వెళ్ళిపోయాడు. తల పూర్తిగా వెనక్కి వంచితేనే కనిపిస్తాడు.

పైన ఆయన చేసే పని కింద నుంచి కనిపించదు కాబట్టి చెప్తాను. తాడిలో పోతుతాడి వేరు, పెంటితాడి వేరు. మొలిచిన మొక్క పోతో పెంటో పూత పూసేదాకా ఎవరికీ తెలియదు. ఆ పూత రావడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. పోతుచెట్టుకు పొడుగాటి పూగెలలు వస్తాయి. వాటిని కలిపి కట్టి, కొన్నాళ్ళ పాటు చెక్కతో నొక్కి నలిపి మెత్తబరుస్తారు. ఆ తర్వాత కొసను పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పలచగా చెక్కుతారు. చెక్కిన చోట నీరు చుక్క చుక్కగా లొట్టిలోకి దిగుతుంది. ఒక్కరోజు చెక్కకపోతే గాయం ఎండిపోయి ఊట తగ్గుతుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళైనా, చెట్టు ఎక్కాల్సిందే. సీజను పొడుగునా రోజుకు రెండుసార్లు, ఒక చెట్టు కాదు, తోపులో తన వంతు చెట్లన్నీ.

అదుగో దిగుతున్నాడు. లొట్టి మూతి చుట్టూ తెల్లటి నురగ, నాలుగైదు తేనెటీగలు. పీచు అడ్డం పెట్టి వడకట్టాడు. తాటాకును మడిచి దొప్ప చేసి మీ చేతికిస్తున్నాడు. రెండు చేతులా పట్టుకోండి, కొస నోటి దగ్గర పెట్టుకుని తల కాస్త ఎత్తండి. పోసేది ఆయన పోస్తాడు.

చల్లగా ఉంది కదూ. ముందు తీపి తెలుస్తుంది, పచ్చి ఆకు వాసన తగులుతుంది, మింగాక నాలుక అంచున సన్నగా చురుక్కుమంటుంది. పొద్దున దించిన కల్లు ఇంతకంటే తియ్యగా ఉంటుంది. ఇది పగలంతా ఎండలో చెట్టు మీద ఊరింది, అందుకని ఆ చురుకు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా దిగుతుంది. మామ సున్నం పూయడు. గాలిలోనూ లొట్టి గోడల మీదా ఉండే సూక్ష్మజీవులు చక్కెరను అక్కడే, చెట్టు మీదే, పులియబెట్టడం మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు వస్తుంది. రేపటికి పులుపెక్కుతుంది, ఎల్లుండికి వెనిగరు. సీసాలో దాచి పట్నానికి తీసుకుపోదామంటే మనం నెల్లూరు చేరేలోపు అది వేరే సరుకైపోతుంది. తాగాలంటే చెట్టు కిందికి రావాలి, ఈ వేళకే రావాలి.

అత్త నెత్తళ్ళు తెచ్చింది. కారం, పసుపు, ఉప్పు, కాస్త బియ్యప్పిండి, ఇంకేం లేవు. పెనం మీద నుంచి నేరుగా తాటాకు మీదకు వేసింది. ఊదుకుంటూ తినండి, తలతో సహా నమిలేయండి. ఎముక కూడా కరకరలాడి పోతుంది. కారం చుర్రుమన్నాక ఇంకో గుక్క కల్లు. ఇప్పుడు తెలుస్తుంది దీనికి తీపి ఎందుకు ఉండాలో.

పొద్దు సరుగుడు తోపు వెనక్కి దిగింది. చెప్పాను కదా, చలి తిరిగొచ్చింది. తువ్వాలు కప్పుకోండి. మన చేతుల్లో దొప్పలు చల్లగా ఉన్నాయని చూసి అత్త స్టీలు గ్లాసులు అందించింది. పీతల చారు, పొగలు కక్కుతోంది. పీత డొప్పలూ కాళ్ళూ దంచి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండుతో కాచింది. గ్లాసు అంచు పట్టుకోలేనంత వేడి. ఒక్క గుక్క దిగగానే ముక్కూ గొంతూ తెరుచుకున్నాయి.

"జలుబు చేసినోళ్ళకి మందు కూడా ఇదే అబ్బయా. మా పిలకాయలకి మాత్రలు ఎప్పుడేసినాం?"

చలిలో ఈ వేడి గ్లాసు పట్టుకుంటే నాకు జపాను గుర్తొస్తుంది. ఇదే నెలలో అక్కడి ఊళ్ళలో, సందు చివర ఎర్ర కాగితపు లాంతరు వేలాడే చిన్న కొట్లలో జనం ఇట్లాగే ఆనుకుని కూచుని ఉంటారు. వాటిని ఇజకాయా అంటారు. చలికాలం అక్కడ సాకే అనే బియ్యపు మద్యాన్ని చిన్న కూజాలో పోసి, ఆ కూజాను వేడినీళ్ళలో దించి, నలభై నుంచి యాభై డిగ్రీల దాకా వెచ్చజేసి బొటనవేలంత గిన్నెల్లో పోస్తారు. కొవ్వు పట్టిన చలికాలపు సముద్రపు చేప పచ్చి ముక్కలు, ముల్లంగీ గుడ్డూ చేపపిండి ముద్దలూ మరిగించిన పులుసు పక్కన పెడతారు. మా దగ్గర తిరగేసి ఉంది లెక్క. మేం తాగేది చల్లన, పక్కన నంజుకునేది వేడి. వాళ్ళు చేప పచ్చిగా తింటారు, మేం ఒక రాత్రి పులుసులో ఊరనిచ్చి తింటాం. ఋతువును చూసి పొయ్యి వెలిగించడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే తీరు.

సాకే చేయడం కూడా చలికాలపు పనే. బియ్యం మరపట్టి, కడిగి, ఆవిరిమీద ఉడికించి, కోజి అనే బూజును దాని మీద పెంచుతారు. ఆ బూజు పిండిపదార్థాన్ని చక్కెర చేస్తుంటే అదే తొట్టిలో ఈస్టు దాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది. పదిహేను, పదహారు శాతం దాకా వస్తుంది, అంటే మా కల్లుకు మూడింతలు. పాతరోజుల్లో ఆ పని చేసేవాళ్ళు వేసవిలో పొలం చేసుకుని చలికాలం సాకే తయారుచేసే ఇళ్ళకు వలసపోయే పల్లెటూరివాళ్ళు. 2024 డిసెంబరులో యునెస్కో ఆ విద్యను మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. విని సంతోషపడ్డాను. మామ కత్తికి అట్లాంటి జాబితా ఏదీ లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

జపాను వాళ్ళు ఈ తీరానికి కొత్తవాళ్ళేం కారు. ఇక్కణ్ణుంచి దక్షిణంగా నూరు కిలోమీటర్లకు పైగా పోతే తడ దగ్గర శ్రీసిటీ. 2022 దాకా తడ మా నెల్లూరు జిల్లాదే, ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడ ఇసుజు కంపెనీ 2016 నుంచి బండ్లు తయారు చేస్తోంది, కోబెల్కో, డైకిన్ కూడా ఉన్నాయి. ఆ ఇంజినీర్లలో ఎవరైనా ఈ బల్ల మీద వచ్చి కూచుంటే వాళ్ళకు ఏదీ విడమరచి చెప్పక్కర్లేదు. పొయ్యి దగ్గరున్న మనిషి ఈరోజు ఏముందో చెప్తే, పెట్టింది తినడం వాళ్ళకూ అలవాటే.

తడ దాటి ఆరంబాకం పోతే తమిళనాడు. అక్కడ ఇవే తాళ్ళు, ఇదే ఇసక, అయినా 1987 నుంచి కల్లు గీత మీద నిషేధం ఉంది. తాటిచెట్టు మాత్రం వాళ్ళ రాష్ట్రవృక్షం. దాన్ని కొట్టాలంటే కలెక్టరు అనుమతి ఉండాలని 2021లో చెప్పారు. మాకు గీయడానికి అనుమతి ఉంది, కానీ చెట్లను కొట్టేస్తూనే ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోని మంచిని ఒకచోట చేర్చేవాళ్ళు లేకపోయారు.

మామ ఇంకో దొప్ప పోయబోతే అత్త వెనక నుంచి చూస్తోంది.

"రెండు చాలు. బండి తోలుకుని పోవాల గదా."

మామ లొట్టి పక్కన పెట్టేశాడు. మారుమాట లేదు. ఈ జిల్లాలో ఆడమనిషి ఆ మాటంటే బరువు వేరు. ఇక్కణ్ణుంచి వాయవ్యానికి పోతే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్ళు సీతమ్మ కథ అనే పాఠం చదివి, ఆ కథ తమదేనని గుర్తుపట్టి, ఊరి సారాకొట్టు మూయించారు. వాళ్ళలో ఒకరైన రోశమ్మ పేరు అప్పుడే దేశమంతా తెలిసింది. ఆ నిప్పు ఊరూరా పాకి జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని సడలించారు. చట్టం పోయింది గానీ ఆ తెగువ మా ఇళ్ళలో మిగిలింది. కూలి డబ్బులన్నీ సారాపాకెట్లకు పోయి పిల్లలు పస్తులు పడుకున్న రోజులు అత్త తరం కళ్ళారా చూసింది. ఆమె పాకలో కల్లు తిండితో పాటే పోస్తారు, తిండి అయిపోతే అదీ అయిపోయినట్టే. ఈ పద్ధతి నాకు చాలా సరైనదిగా తోస్తుంది. కల్లు గురించి ప్రేమగా రాసే ఎవరైనా దూబగుంటను తలుచుకోకుండా రాయకూడదు.

ఇప్పుడు చట్టి దించుతోంది చూడండి. పూర్తిగా చీకటి పడింది, పాకలో బల్బు వెలిగింది. బల్ల మీద అరిటాకులు పరిచింది. అన్నం పొగలొస్తోంది. పులుసు వేడి చేయలేదు, చేయదు కూడా.

నిన్న సాయంత్రం ఆమె దీన్ని ఎట్లా వండిందో నేను పక్కనే కూచుని చూడలేదు గానీ, మా ఇళ్ళలో అందరూ వండేది ఒకే దారిలో. మట్టిచట్టిలో నువ్వులనూనె ధారాళంగా పోయాలి. ఆవాలు, మెంతులు చిటపటమన్నాక కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా. కారం, ధనియాలపొడి, పసుపు. చిక్కటి చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా మరగనివ్వాలి. అప్పుడు చేపముక్కలు, పుల్లమామిడి ముక్కలు. ముక్కలు పడ్డాక ఇక గరిటె పెట్టకూడదు. గుడ్డతో చట్టి చెవులు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, అంతే. చివర్లో వేయించి దంచిన ఆవాలు, మెంతుల పొడి చల్లి దించేయాలి. ఆ రాత్రి తినకూడదు. చింతపండు పులుపు ముక్క లోపలి దాకా దిగడానికి ఒక రాత్రి కావాలి. ఆ పులుపే చేప చెడకుండా కూడా కాపాడుతుంది. ఫ్రిజ్జులు లేని కాలంలో పుట్టిన తెలివి ఇది.

మామిడి సంగతి చెప్పాలి. మాఘం చివరికి చెట్లకు కాయలు కాస్త చేతికి వస్తాయి, టెంక ఇంకా ముదరదు. ఆ లేతకాయ పులుపుకూ చింతపండు పులుపుకూ తేడా ఉంది. నాలుకకు ముందు చింతపండు తగులుతుంది, మామిడిముక్క కొరికాక రెండోది వస్తుంది. వానాకాలంలో, చలి మొదట్లో వండే పులుసులో ఆ రెండోది ఉండదు. నెల్లూరు పేరు పెట్టి హైదరాబాదులో, బెంగళూరులో ఏడాది పొడుగునా అమ్మే పులుసు తిన్నాను, బాగానే ఉంటుంది. దానికి నెల అంటూ ఉండదు, లోటు అక్కడే.

కలపండి. వంజరం ముక్క వేలితో తడితే పొరలుగా విడిపోతోంది, లోపలి తెలుపులోకి ఎరుపు పాకింది. చల్లని పులుసు, వేడి అన్నం. నూనె అన్నంమెతుకుల చుట్టూ పట్టుకుంది. మామిడిముక్క చివరికి దాచుకోండి, తొక్కతో సహా చప్పరించండి.

"ఎట్టుంది?" అని అత్త అడగదు. ఆకు వంక చూస్తుంది. ఆకులో ముల్లు తప్ప ఏమీ మిగలకపోతే ఇంకో గరిటె అన్నం పడుతుంది.

మామ పాక గుంజకు ఆనుకుని మోకు చూసుకుంటున్నాడు. ఎక్కడైనా పురి విడిందేమోనని వేళ్ళతో తడుముతున్నాడు. చెట్టు మీదనుంచి పడితే బతుకు ఏమవుతుందో ఈ పనిలో ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. 2022 నాటి కల్లు విధానంలో ప్రభుత్వం ప్రమాదంలో చనిపోయిన గీతకార్మికుడి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని పది లక్షలకు పెంచింది. మంచిపనే. కొడుకులు ఎక్కుతారా అని అడిగాను.

"ఎక్కరు అబ్బయా. ఒకడు కృష్ణపట్నం పోర్టులో ఉండాడు, ఇంకొకడు చెన్నైలో. నేను మాత్రం ఎక్కమని ఎట్టా చెప్తా? చెట్లు కూడా యాడుండాయి, నా చిన్నప్పుడు ఈడ నుంచి కాలవ దాకా తాళ్ళే."

కాలవంటే బకింగ్‌హాం కాలవ. ఆ తాళ్ళు కొన్ని ఇటికబట్టీలకు పోయాయి, కొన్ని గుంటలకు అడ్డమని పోయాయి, కొన్ని ప్లాట్ల లేఅవుట్లలో పోయాయి. ఇటుక కాల్చడానికి కట్టెగా తాడిమాను చవక. ఈ మధ్య తుపాను గాలికి ఒడ్డున ఇసక లేస్తుంటే ఆపడానికి చెట్లు నాటాలని అందరూ అంటున్నారు. ఏ నీళ్ళూ పోయకుండా, ఏ ఎరువూ వేయకుండా, ఉప్పుగాలికి తట్టుకుని తరాల తరబడి నిలబడే చెట్టు మన గట్ల మీదే ఉంది.

బయల్దేరదాం. డబ్బులిచ్చేటప్పుడు కల్లుకు ఒక లెక్క, చేపకు ఒక లెక్క అడగకండి, అత్త చెప్పిన మొత్తం ఇచ్చేయండి. ఆమె ఎప్పుడూ తక్కువే చెప్తుంది.

మీరు మళ్ళీ రావాలనుకుంటే ఫాల్గుణంలో రండి, చైత్రం మొదటి వారాలైనా పర్వాలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో వేట నిషేధం, ఆ అరవై ఒక్క రోజులు మరబోట్లు కదలవు, అత్త ఎండుచేపలతో సరిపెడుతుంది. నాలుగు గంటలకల్లా ఇక్కడ ఉండండి. తోలుకుని పోయే మనిషి ఒకరు తాగకుండా ఉండాలి. ఈ పక్కన మీకు పొలమో గుంటో ఉంటే ఒక్కటి అడుగుతాను. కట్టమీది తాడిని కొట్టించకండి. భాద్రపదంలో పండ్లు రాలినప్పుడు ఆ టెంకలు పారేయకుండా గట్టు వెంబడి పాతించండి. మామకు డెబ్బై దగ్గర పడుతోంది. ఆయన ఎక్కే చెట్లను నాటింది ఆయన తాత.